ఉలుక్‌బెక్ ముక్కు

పాత గ్రాఫిక్స్ కార్డు ఏ గొర్రెల కొట్టంలో రాత్రింబవళ్ళు క్రిప్టో నాణేలు తవ్వి అరిగిపోయిందో ఉలుక్‌బెక్ ముక్కు చెప్పేస్తుంది. ఒట్టు, బిష్కెక్ పోలీసు కుక్కలు అతని దగ్గరే చదువుకున్నాయి! ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ అప్పటికే సంచిలో చేరాయి. మిగిలిన డబ్బుకు సంత మొత్తంలో దొరికేది ఒక్క కార్డే. రేపటికి కంప్యూటర్ నడవకపోతే వీడియోగేమ్ జట్టులో అతని చోటు పోతుంది. ఫ్యాను రెక్కలు తిప్పాడు, మరలు తడిమాడు, కార్డును మొహానికి ఆనించి, కళ్ళు మూసుకుని మూడుసార్లు గట్టిగా పీల్చాడు.

“పెళ్లికూతురనుకున్నావా, వదలవేం?” అంది కొట్టు నడిపే గుల్‌జాన్.

“కట్టివ్వక్కా,” అన్నాడు నీరసంగా.

బయటికొచ్చాక, తోడు వెళ్ళిన నేను ఆగలేక అడిగాను: “బొగ్గు పొగా, గొర్రె కంపా? ఏం చెప్పింది తమ్ముడూ ముక్కు?”

“ఏం చెప్పలేదన్నా. మూడు రోజులుగా జలుబు.”