మూడో నెల నిండిన గురువారం

ఫిలొమెనా పూత్ నాకు వరసకి అక్క. మెక్సికోలోని తులుమ్‌లో సముద్రపు ఒడ్డున, పాత మాయన్ గుళ్ళ శిథిలాలకి కూతవేటు దూరంలో ఉన్న హోటల్లో పదిహేనేళ్ళుగా గదులు సర్దుతోంది. నేను అక్కడే దుప్పట్లు ఉతుకుతాను. లోకమంతా సెలవులు గడపడానికి మా దగ్గరికే వస్తుంది, మాకు మాత్రం సెలవు దొరకదు. తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కకి మండదు. పోనీలే అంటుంది, తువ్వాలుని హంసలా మడిచి మంచం మీద పెట్టి పక్క గదికి వెళ్తుంది.

అలాంటి మనిషి మొదటిసారిగా ఈ ఏడు సెలవు అడిగింది. తన చెల్లెలి కూతురు ఇర్మాకి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లని తొలిసారి చంకనెక్కించుకునే వేడుక, మాయన్లం మేము హెట్స్‌మెక్ అంటాం, అక్క చేతుల మీదుగా జరగాలి. పొయ్యి ఆడవాళ్ళది, దానికి మూడు రాళ్ళు కాబట్టి ఆడపిల్లకి సరిగ్గా మూడో నెల నిండిన రోజే చేస్తాం. మా ఇళ్ళల్లో పొద్దు గుంకాక చెయ్యరు. పిల్లల్లేని అక్కకి ఆ పాపకి రెండో తల్లి కావడమంటే మాటలు కాదు. రెండు నెలల ముందే కాగితం రాసిచ్చింది. ఆ రోజు కట్టుకోవడానికి తెల్లటి హుయిపిల్ గౌను అంచున ఎర్రపూలు కుట్టుకుంది.

అక్కడే పొరపాటు చేసింది. సంబరం ఆపుకోలేక ఆ గౌను తెచ్చి మా లాండ్రీలో అందరికీ చూపించింది. సూపర్‌వైజర్ ఒడెట్ మేడమ్ కన్ను దాని మీద పడింది.

"గురువారం ఒక జంట మాయన్ పద్ధతిలో పెళ్ళాడుతున్నారు ఫిలొమెనా, శిథిలాల కింద ఇసుకలో. నువ్వు ఇది వేసుకుని ధూపం పట్టుకోవాలి."

"గురువారం నాకు సెలవండీ. మీరే సంతకం పెట్టారు."

"శుక్రవారం నుంచి తీసుకో. ఒక్క రోజుకి పిల్లేమన్నా పారిపోతుందా?"

"ఆ రోజే చెయ్యాలండీ."

"మీవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక వేడుకే. సరే, పదింటికి మొదలు, పదకొండుకి వదిలేస్తాను. కుదరదంటే ఇక పనిలోకే రానక్కర్లేదు."

మేడమ్ వెళ్ళగానే నేను అక్కని పక్కకి లాగాను. "ఊళ్ళో ఎవరో పోయారని చెప్పక్కా. చావంటే నోరెత్తరు."

"పసిపిల్ల వేడుక పెట్టుకుని చావు మాట నోటంట తేనా? బుద్ధుందా నీకు? పదకొండుకి బయల్దేరితే ఒంటిగంటకల్లా ఊళ్ళో ఉంటాను."

గురువారం తెల్లారేసరికి సముద్రం ఒడ్డంతా నాచు తెచ్చిపోసింది. మోకాలెత్తు నాచు, కుళ్ళిన గుడ్ల కంపు. పెళ్ళికూతురు చూసి భోరుమంది. అదంతా ఎత్తిపోసేదాకా పెళ్ళి లేదన్నారు. పదకొండయింది, ఒంటిగంటయింది. నేను ఒడ్డుకి తువ్వాళ్ళు మోస్తూ చూస్తూనే ఉన్నాను, అక్క ఎండలో ధూపం కుండ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇర్మా రెండుసార్లు ఫోన్ చేసింది. "బయల్దేరుతున్నా తల్లీ" అని రెండుసార్లూ అబద్ధం చెప్పింది.

మూడు దాటాక మొదలుపెట్టారు. పూజారి వేషం కట్టినవాడు ఎక్కడో దూరాన పువెబ్లా నుంచి వచ్చిన గిటారు వాయించే మనిషి. తలమీద ఈకలైతే ఉన్నాయి గాని మా మాట ఒక్కటీ రాదు. తూర్పుకి మొక్కమని జంటని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టాడు. మాకు తూర్పున ఉన్నదే సముద్రం. కాసేపటికి వాడి దగ్గర సరుకైపోయింది.

"మీ భాషలో నాలుగు ముక్కలు అనండమ్మా, వీడియోకి బావుంటుంది" అని గొణిగాడు.

అక్కకి ఆ రోజు నోట్లో ఉన్నవి పాప చేతిలో ఒక్కో వస్తువు పెడుతూ చెప్పాల్సిన మాటలే. "ఇదిగో పుస్తకం, చదువుకో తల్లీ. ఇదిగో సూది, కుట్టుకో. నీ కాళ్ళ మీద నువ్వు నడువు" అంది. పెళ్ళికూతురు పరవశించిపోయి అక్కని వాటేసుకుంది. ఆ కుండ ఎత్తి ఒడెట్ మేడమ్ నెత్తిన కుమ్మరించాలనిపించింది నాకు.

ఐదింటికి వదిలారు. ఇద్దరం వ్యాన్ ఎక్కాం. దారిలో అక్క కిటికీలోంచి సూర్యుణ్ణి తప్ప ఇంకేమీ చూడలేదు. ఊరు చేరేసరికి దీపాలు పెట్టేశారు.

వేడుకలో బల్ల చుట్టూ తిరగాల్సిన తొమ్మిది చుట్లూ అయిపోయాయి. పాపని ఎత్తుకు తిరిగింది పక్కింటి బెర్తా, కుళాయి దగ్గర ఊరందరితో తగాదా పెట్టుకునే మనిషి.

"చివరిదాకా చూశాం పెద్దమ్మా" అంది ఇర్మా. గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

"వాళ్ళు వదల్లేదే. నన్నేం చెయ్యమంటావు?"

"తెలుసులే. తొలిసారి ఎత్తుకున్నవాళ్ళ గుణమే పిల్లకి వస్తుందంటారుగా. బెర్తా పిన్నిని ఎవరైనా అలా పొద్దంతా నిలబెట్టగలరా? ఒకందుకు ఇదే మంచిదైంది. కూర్చో, అన్నం పెడతాను."

అక్క ముఖం నేను చూడలేకపోయాను. బెర్తా అక్కని చూసి నొచ్చుకుని పాపని అందించబోయింది. అక్క అందుకోలేదు. చుట్టాలు తిని వదిలేసిన పళ్ళేలు బల్ల నిండా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, ఎముకలు ఒకపక్కకి దులిపి, ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. తియ్యమని ఎవరూ అడగలేదు.