మందు లేకుండా ఎర్రగుంట్లకు

ఒక పత్రిక నన్ను ‘మరుపు జబ్బుకు మందు కనిపెట్టిన కర్నూలు ఆడపడుచు’ అని రాసింది. నిజానికి నేను హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో ఎలుకలకు మందులిచ్చి, అవి మెదడులోకి చేరాయా లేదా అని చూస్తుంటాను. ఎక్కువగా చేరవు. ఆ వార్త చదివి ఎర్రగుంట్ల నుంచి దేవదానం మామ ఫోన్ చేశాడు. సిమెంటు లారీలు తోలి రిటైరైన మనిషి. చిన్నప్పుడు నాకు పాఠాలు చెప్పిన సుశీల టీచరమ్మ భర్త.

“టీచరమ్మకు అల్జీమర్స్ అన్నారు పాపా. నీ మందు తెచ్చియ్యి” అన్నాడు.

లేదని ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. శుక్రవారం కర్నూలులో అన్నవాళ్ళింటికి చేరి, శనివారం పొద్దున ఆరింటికి నంద్యాల బస్సెక్కాను. ఈ బస్సుల్లో ఆంధ్రా ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, “హైదరాబాదు అడ్రసు మేడం. దుడ్లు ఈయాల్సిందే” అన్నాడు. ఇచ్చాను.

పక్క సీటు అవ్వ నా పనేమిటని అడిగింది. “రక్తంలోవన్నీ మెదడులోకి పోకుండా ఒక అడ్డుగోడ లాంటిది ఉంటుందవ్వా. మరుపు జబ్బులో అది అక్కడక్కడ దెబ్బతిని, పోకూడనివి లోపలికి పోతాయి. మందుల్ని మాత్రం అప్పుడు కూడా సులువుగా పోనీయదు” అన్నాను.

“అంటే దొంగల్ని ఇడిసి మంచోళ్ళను ఆపుతాంది” అంది అవ్వ. పన్నెండేళ్ళ నా పనిని ఓర్వకల్లు రాళ్ళగుట్టలు రాకముందే తేల్చేసి, అక్కడ దిగిపోయింది.

ఎనిమిదింటికి నంద్యాల. స్టేషను ఎదుట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. తొమ్మిదిన్నరకు రైలు. కోయిలకుంట్ల దాటాక నల్లరేగడి పొలాలు, ఆ తర్వాత కిటికీలోంచి వేడిగాలి. పన్నెండు దాటాక ఎర్రగుంట్లలో దిగి, స్టేషను దగ్గరి లాడ్జిలో గది తీసుకున్నాను. కిటికీ గడప మీద వేలితో పేరు రాయగలిగినంత సిమెంటు దుమ్ము.

మూడింటికి వాళ్ళింటికి వెళ్ళాను. టీచరమ్మ శుభ్రంగా ఇస్త్రీ చీరలో కూర్చుని ఉంది.

“ఎవరి కూతురివి నువ్వు?”

“పోస్టుమాస్టరు కూతుర్ని టీచర్.”

“ఆ పిల్లకు లెక్కలు రావు” అంది ఆమె, నేను వేరెవరో అన్నట్టు.

గంటలో నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ అదే తీర్పు. ప్రయోగశాలలో నా లెక్కలు చూసేవాళ్ళు కూడా దాదాపు అదే అంటారు కాబట్టి నేను వాదించలేదు.

మామ నన్ను వసారాలోకి పిలిచాడు. “ఆరు నెల్లాయె పాపా, చర్చికి తోల్కపోక. చెప్పిన చరణమే మళ్ళా పాడుతాంది. ఎవురన్నా నగితే నేను తట్టుకోలేను. నీ మందు తిని బాగైనాక తోల్కపోదామని ఉండాను.”

“మందు లేదు మామా.”

“పేపర్లో వేసినారు గదా?”

“పేపరోళ్ళకు ఎలుక కూడా మనిషి మాదిరే కనపడుతుంది. నేను చూస్తున్నది ఎలుకల్లోనే. అది మందయ్యేది ఎప్పుడో, అసలు అవుతుందో లేదో చెప్పలేను. డాక్టరు రాసిచ్చిన మాత్రలు మానొద్దు. నలుగురిలోకి తోల్కపోవడం మటుకు మానేశావు. అది తప్పు.”

“అయితే ఇంత దూరం ఒట్టి చేతులతో వస్తివా” అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే నాకు తేలికయ్యేది.

ఆ మాటతో గదికి తిరిగొచ్చాను.

ఆదివారం ఎనిమిదింటికి ఫోన్. “తొమ్మిదిన్నరకు ప్రార్థన. నువ్వు పక్కనుంటే తోల్కపోతా.”

లేచి వెళ్ళిపోవడానికి వీలుగా తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చున్నాం. పాట మొదలైంది. టీచరమ్మ గొంతు ఏమీ చెడలేదు. అందరూ రెండో చరణం ఎత్తుకుంటే, ఆమె మళ్ళీ మొదటిదే అంతే గట్టిగా అందుకుంది. మామ ఆమె చెయ్యి పట్టుకుని లేవబోయాడు. అంతలో మా ముందు వరుసలో ఒకామె వెనక్కి తిరిగి చూసి, ఆమెతో పాటు మొదటి చరణమే పాడసాగింది. తర్వాత పక్కామె, ఆ తర్వాత వరుస వెంట వరుస. డోలక్ వాయించే ఆయన ఒక్క క్షణం తడబడి, మెజారిటీ వైపు చేరిపోయాడు. మామ మళ్ళీ కూర్చున్నాడు, కానీ చెయ్యి వదల్లేదు.

బయటికి రాగానే ఆడవాళ్ళు ఆయన్ను చుట్టుకున్నారు. “ఏమప్పా, మా టీచరమ్మను ఇన్నాళ్ళు యాడ దాచిపెట్టినావు? మాకందరికీ పాటలు నేర్పిందే ఆమె గదా.”

లారీల మీద ఎన్ని ఘాట్లు దిగిన మనిషో గాని, వాళ్ళ ముందు తల దించుకుని ముఖం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో జొన్నరొట్టె, చెనక్కాయల పొడి తిని, మూడున్నర రైలుకు స్టేషనుకొచ్చాను. ఇద్దరూ సాగనంపడానికి వచ్చారు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట: నీళ్ళ సీసా రెండు పెట్టుకోండి, నంద్యాల దాకా ఎండ తగ్గదు. రైలు కదిలేముందు మామ కిటికీ దగ్గరికొచ్చాడు.

“నీ మందు నువ్వు నిదానంగా చేసుకో పాపా. మేము శానా తొందర్లో ఏం లేము.”

పన్నెండేళ్ళలో నన్ను నిదానించమన్న మనిషి ఆయనొక్కడే. జమ్మలమడుగు రాకముందే నిద్ర పట్టేసింది.