పుదూరు రోడ్డు మీద తెల్ల లైట్లు

మా నాయనకి కళ్లు మసకబారుతున్నాయని ఇంట్లో ముందుగా కనిపెట్టింది అమ్మ. రసంలో పడ్డ చీమల్ని తీయకుండా తాగేశాడట. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "నా కంటికి ఏమీ కాలే. జీపు లైట్లకే దా వయసైపోయె" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కొత్త లైట్లు వేయించడానికి ఒక శనివారం కోవిల్‌పట్టి బయలుదేరాడు.

నేను విరుదునగర్‌లో ఒక నూనె మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. సెలవు దొరికితే పుదూరు పక్కన ఉన్న మా ఊరికి వస్తాను. చుట్టూ అరవమే అయినా మాది తెలుగు ఊరు. ఆ రోజు వచ్చీ రాగానే అమ్మ నన్ను వంటింటి వెనక్కి లాక్కుపోయింది. "నువ్వూ కూడా పో. పక్కన కూసో. ఎవుర్నన్నా తొక్కి పెడతాడు. ఆమీద ఊర్లో మనం ఎవురికి మొగం సూపేది?" అంది. అరుప్పుకోట్టైలో కంటి శిబిరం పెట్టినప్పుడల్లా ఆమె పోదాం రమ్మని బతిమాలుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కన్ను కోస్తారన్న మాట చెవిన పడితే చాలు, నాయన కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోపం కింద ఉన్నది భయమే. ఆయన చేతిలో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చచ్చిపోతారని భయం.

ఆ జీపు నాకంటే పెద్దది. తలుపులు లేవు, పైన చిరిగిన టార్పాలిన్. వాన పడి మా నల్లరేగడి బంకలా పట్టుకుంటే ట్రాక్టర్లు దిగబడే చోట అది మూలుగుతూ బయటికొస్తుంది. నాకు బండి నడపడం నేర్పింది ఆయనే, అదే జీపు మీద. కానీ ఆయన ఉండగా నా చేతికి స్టీరింగు ఇవ్వడం జరగని పని.

మేం బయలుదేరేసరికి అమ్మ రోడ్డు మీద మినపచెట్లు పరుస్తోంది. మాసి నెల, చలికాలం చివర, కోత అయిపోయింది. మా వైపు కళ్లాలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు తారు రోడ్డే కళ్లం. పీకిన చెట్లను రోడ్డుకి ఒక పక్కగా పరిస్తే, వచ్చే పోయే బండ్లు తొక్కి కాయలు పగలగొడతాయి. పరాయి బండ్లవాళ్లు తిట్టుకుంటూ తప్పుకుని పోతారు. మన ఊరి బండి అయితే కావాలనే చెట్ల మీదికి దింపి, నిదానంగా తొక్కించి పోవాలి. అది మర్యాద. పక్కనుంచి పోయారంటే, "ఏం, మా చెట్లలో ముండ్లు ఉండాయా?" అని ఆడవాళ్లు మరుసటి రోజు నిలదీస్తారు. చెట్లు తిరగేసే కర్ర పట్టుకుని వాళ్లు ఆ చెట్ల మధ్యే కూర్చుంటారు. తెలిసిన బండి సద్దు వినపడితే లేవరు. నడిపేవాడు చూసుకుని, తమని తప్పించి చెట్లు మాత్రమే తొక్కిస్తాడని నమ్మకం. మా జీపు సద్దు అమ్మకి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

కోవిల్‌పట్టిలో లారీలకి కరెంటు పని చేసే షెడ్డు అది. మెకానిక్కు పాత లైట్లు ఊడదీస్తే లోపలి అద్దం తుప్పు పట్టి టీ డికాషన్ రంగులో ఉంది. పాత వైర్లతో కొత్త లైట్లు వెలిగిస్తే వైర్లు కాలిపోతాయని, లావు వైర్లు లాగి, రిలేలు బిగించి, తెల్ల ఎల్ఈడీలు పెట్టాడు. తర్వాత షట్టర్ సగం దించి, జీపుని గోడకి ఎదురుగా నిలిపి లైట్లు వేశాడు. గోడ మీద రెండు తెల్లటి వలయాలు పడ్డాయి. చాక్‌పీసుతో గీత గీసి, వెలుగు ఆ గీత దాటకుండా స్క్రూలు తిప్పుతున్నాడు.

"ఇంకా పైకి" అన్నాడు నాయన అరవంలో. కాస్త ఎత్తాడు. "ఇంకా పైకి." మళ్లీ ఎత్తాడు. అప్పుడు నాయన గోడకేసి తల ముందుకు చాచి, "ఎడమది వెలగలేదే?" అన్నాడు.

రెండూ వెలుగుతున్నాయి. మెకానిక్కు పరిహాసం అనుకుని నవ్వాడు. నాయన ముఖం చూసి నవ్వు ఆపేశాడు. మెకానిక్కు గొంతు తగ్గించి నాతో, "ఇంత ఎత్తులో పెడితే దగ్గరి రోడ్డు చీకటిగా ఉంటుందక్కా, ఎదురొచ్చేవాళ్లకి కళ్లు బైర్లు కమ్ముతాయి" అన్నాడు. దించమని చెప్పాను. నాయన వద్దన్నాడు.

"నాయనా, నేను తోలతా."

"నేను సూసుకుంటా. నువ్వు సుమ్మా, ఊరికే కూసో."

ఎట్టయపురం దాటేసరికి పొద్దు వాలింది. లైట్లు వేశాడు. దూరాన తుమ్మచెట్ల తలలు తెల్లగా వెలిగాయి. మా ముందున్న రోడ్డు మాత్రం నల్లగానే ఉంది. పాత లైట్లతో ఆయన నడిచినంత వేగంతో పోయేవాడు, ఇప్పుడు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే నన్ను చంపుతోంది. ఎదురుగా వచ్చిన లారీవాడు లైటు కొట్టి కొట్టి, చివరికి తల బయటపెట్టి బూతులు తిట్టి పోయాడు. "వానికి ఏంటికి అంత పొగరు?" అన్నాడు నాయన. ఒకచోట గొర్రెలు రోడ్డు దాటుతున్నాయి. నేను అరవబోయేలోగా ఆయనే బ్రేకు వేశాడు. హమ్మయ్య అనుకున్నాను. గొర్రెలు పోయాక, "గంటల సద్దు ఆగిపోయె గదా?" అని అడిగి బండి కదిలించాడు. ఆ తర్వాత నేను సీటు కమ్మీ వదల్లేదు.

మా చేను దగ్గరికి వస్తున్నాం. నాయన వేగం తగ్గించకుండానే జీపుని ఎడమకి దింపాడు. చక్రాల కింద మినపకాయలు చిటపటమన్నాయి. "మన చెట్లు. రెండు తూరులు తొక్కిద్దాం, మీ యమ్మ మెచ్చుకుంటాది" అని నవ్వాడు. వెలుగు కిందిగా, చెట్ల మధ్య ఏదో ముద్దగా కనపడింది. మంచుకి గోనెసంచి కప్పుకుని, మా వైపు వీపు పెట్టి కూర్చున్న మనిషి. మా జీపు సద్దే కదా అని కదలడం లేదు.

హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో లాగేశాను. జీపు చెట్ల మీద జారి, ఒక కుదుపుతో ఇంజను ఆగిపోయింది.

అమ్మ లేచి ఇటు తిరిగింది. బానెట్టుకీ ఆమెకీ మధ్య చెయ్యి పెట్టేంత చోటు లేదు. తెల్లటి వెలుగు ఆమె మెడ మీద, ముఖం మీద పడుతోంది. ముక్కుపుడక కూడా కనపడుతోంది నాకు.

నాయన నా మీద విరుచుకుపడ్డాడు. "బుద్ది ఉండాదా నీకు? ఏంటికి ఆపితివి? ఎదురుగా ఎవురూ లేరు గదా!"

అమ్మ ఆ మాట విన్నది. తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆయన కళ్లలోకి చూస్తూ, "నేనుండా" అంది.

నాయన ఆ గొంతు కోసం తల తిప్పాడు. రోడ్డు పక్కకి తిప్పాడు.

"ఎప్పుడు వస్తివి నువ్వు?"

"ఈడనే ఉండా. మీ ముందరే దా."

ఆయన చేతులు స్టీరింగు మీంచి జారి ఒళ్లో పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయనే, "లైటు ఆపమ్మా. మీ యమ్మకి కండ్లు మండుతాయి" అన్నాడు.

బ్రేకు సద్దుకి పరుగెత్తుకొచ్చిన పక్కింటి అత్తకి చెట్లను అప్పజెప్పి అమ్మ వెనక ఎక్కింది. స్టీరింగు నేను తీసుకున్నాను. అక్కడి నుంచి మా ఇంటికి మలుపులు మలుపులుగా మట్టి దారి. నాయన పక్కన కూర్చుని దారి చెబుతూనే ఉన్నాడు. "ఇప్పుడు ఎడంపక్క తిప్పు. గుంత ఉండాది, నిదానం. ఆ, ఇప్పుడు సోటిచేతి పక్క." కుడికి తిప్పాను.

ఒక్క మలుపూ తప్పు చెప్పలేదు. ఆశ్చర్యపోయి ఆయన వైపు చూశాను. కళ్లు మూసుకుని చెబుతున్నాడు. వెనక నుంచి అమ్మ చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్లూ మమ్మల్ని ఆయన ఎలా తీసుకుపోతున్నాడో ఆమెకీ అప్పుడే తెలిసింది.