ఆయనెవరో తెలీదంది

ఆసుపత్రిలో అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. హెడ్ నర్సుగా ఆమె వార్డులో అడుగుపెడితే మంచాల కింద చెప్పులు కూడా వరసగా నిలబడేవి. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఇంజను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో ఉప్పు అడిగితే వీధి చివరివాళ్లు అందించాలన్నట్టుండేది.

ఇద్దరూ రిటైరైన ఏడాది, ఆసుపత్రి పెద్ద డాక్టరు దంపతులు కొందరితో కలిసి విదేశంలో ఒక మహానగరం చూడ్డానికి బయల్దేరారు. "మీరిద్దరూ కూడా రండి సిస్టర్" అని డాక్టరమ్మ నోరారా పిలిచింది. సిస్టరమ్మ పొంగిపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ డాక్టరుగారింట్లో ఆమెకు చనువు గుమ్మం దాకానే. ఇప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని టిఫిను తింటున్నారు.

డ్రైవరుగారికి మాత్రం అంతా జాతరలా ఉంది. వంతెన కనపడితే చాలు, "ఏమే, ఇటు చూడవే!" అని కేకేసేవాడు. రోడ్డు మీద జనం ఆగి చూసేవాళ్లు. "నెమ్మదిగా అండీ" అని ఆమె మోచేత్తో పొడిచేది. ఆయన గొంతు తగ్గించేవాడు గానీ, రెండు మాటల్లో అది మళ్లీ గేరు మార్చేది. డాక్టరమ్మ నవ్వేది. అది మంచి నవ్వే. కానీ సిస్టరమ్మకు ఆ నవ్వు ఒంట్లో ముల్లులా దిగేది.

తిరుగు ప్రయాణం దగ్గరపడింది. చూడాల్సినవి ఇంకా మిగిలాయని గైడు అందర్నీ పరుగెత్తించాడు. కొత్త బూట్లు కరిచి డ్రైవరుగారి మడమలు బొబ్బలెక్కాయి. మ్యూజియంలో ఒక పెద్ద గదిలోకి వెళ్లేసరికి ఇక ఆయన వల్ల కాలేదు. బెంచీ మీద కూలబడి, బూట్లూ మేజోళ్లూ విప్పి పక్కన పెట్టుకుని, గోడకి తలానించాడు. కాసేపటికి గుర్రు మొదలైంది. ఎత్తైన కప్పుకు తగిలి ఆ గుర్రు గదంతా తిరిగింది.

అక్కడి కాపలా ఆవిడ వచ్చి భుజం తట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచి, ఎక్కడున్నాడో తెలీక, "ఏమే! ఏమే!" అని అరిచాడు. తర్వాత భార్య కనపడగానే హమ్మయ్య అన్నట్టు ఆమె వైపు వేలు చూపించాడు.

గైడు వెంట మిగతావాళ్లు పక్క గదిలోకి వెళ్లిపోయారు. సిస్టరమ్మ ఆ సమయానికి డాక్టరమ్మ పక్కన నిలబడి, ఆమె ఒక బొమ్మ గురించి చెప్పేది అర్థమైనట్టు తలూపుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆ ఉత్త పాదాల వైపు చూస్తున్నారు. కాపలా ఆవిడ దగ్గరికొచ్చి ఇంగ్లీషులో అడిగింది, "ఆయన మీతో వచ్చినవారా?"

సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "తెలీదు" అంది.

ఆ మాత్రం ఇంగ్లీషు డ్రైవరుగారికీ వచ్చు. ఎత్తిన వేలు దించేశాడు. బూట్లు చేత్తో పట్టుకుని, కాపలా ఆవిడ చూపించిన తలుపు వైపు నడిచాడు. డాక్టరమ్మ ఏదో అనబోయి ఊరుకుంది.

తర్వాత సిస్టరమ్మ ఎన్ని గదులు తిరిగిందో, ఏం చూసిందో ఆమెకే తెలీదు. వెనక పరుగెత్తాలనుంది. పరుగెత్తితే అబద్ధం బయటపడుతుంది. తేలుకుట్టిన దొంగలా గుంపు మధ్యనే నడిచింది.

బయట ఆయన మెట్ల మీద కూర్చున్నాడు, బూట్లు తొడుక్కుని. డాక్టరుగారు "ఏమైపోయారండీ?" అంటే, "లోపల ఉక్కగా ఉంటే గాలికి వచ్చాను సార్" అన్నాడు. భార్యని కాపాడుతూ చెప్పిన మాట అది. తిట్టినా ఆమెకు అంత సిగ్గు వేసేది కాదు.

హోటలు గదిలో ఆయన మడమలకు మందు రాస్తానని ఆమె కింద కూర్చుంది. "నేను రాసుకుంటాలే" అని కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఎందరి పుళ్లో కడిగిన చెయ్యి అలా గాల్లోనే ఆగిపోయింది.

మర్నాడు చివరి రోజు. నదిలో పడవ షికారు. అందరూ ఫొటోకి నిలబడితే డ్రైవరుగారు, "నేను తీస్తాలెండి" అని ఫోను అందుకున్నాడు. ఫొటోలో లేకుండా పోవడానికే ఆ మాట అన్నాడని సిస్టరమ్మకు అర్థమైంది. ఇక ఆగలేకపోయింది.

"నిన్న మ్యూజియంలో ఈయన ఎవరో తెలీదన్నాను" అంది అందరి ముందూ. "నా మొగుణ్ణి. నామోషీ అనిపించి అలా అన్నాను."

డాక్టరమ్మ నీళ్ల వైపు తిరిగింది. డ్రైవరుగారి ముఖం మాత్రం నల్లబడిపోయింది.

పడవ దిగాక భార్యను పక్కకు పిలిచి అన్నాడు, "నలుగురిలో ఎందుకు వాగావు? నీ గుండె తేలికపడింది. నా ముఖం ఎక్కడ పెట్టుకోను? నిన్న విన్నది మనం, ఆ డాక్టరమ్మ, అంతే. ఇవాళ పడవంతా వింది."

ఆ ఒప్పుకోలు కూడా తన కోసమే చేసుకున్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గు మీద సిగ్గు.

"క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదండీ."

"అడక్కు. అడిగితే సరేనంటాను. అలా అనాలని నాకింకా లేదు."

ఒడ్డున ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గుంపు ముందుకు వెళ్లిపోయింది. డాక్టరమ్మ రమ్మని చెయ్యూపితే, "మీరు పదండమ్మా, మేం వస్తాం" అంది సిస్టరమ్మ. చూడాల్సినవాటిలో ఇంకేదో భవనం మిగిలిపోయింది. ఇద్దరిలో ఎవరూ దాని సంగతి ఎత్తలేదు.

చాలాసేపటికి ఆయన అన్నాడు, "ఆకలేస్తోందే."

ఎదురుగా చిన్న కొట్టుంది. ఆమె వెళ్లి రొట్టె ముక్కలూ టీ తెచ్చింది. ఆయన తీసుకున్నాడు, ఆమె వైపు చూడకుండానే. తిని, చేతులు దులుపుకుని, "నువ్వు తినలేదేం?" అన్నాడు.

తన చేతిలో రొట్టె ఉందన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.