ముసుగువాణ్ణి తిట్టే మావయ్య

“పిల్ల దూకి మెడ మీద పడితే? ఒక్కసారి పడితే చాలు కదా. రెండోసారి అవసరం కూడా ఉండదు.”

ఆ మాటకి ఆమె భర్త షూ లేసు కట్టుకోవడం ఆపి తలెత్తి చూశాడు. బాబాయిని వెనకేసుకొస్తే భార్యకి కోపం. భార్య మాటకి తలూపితే తనని పెంచిన మనిషికి అన్యాయం. ఇలాంటి ఇరకాటంలోంచి అతన్ని ఎప్పుడూ డ్యూటీయే బయటపడేస్తుంది.

“స్పాంజి మీదే కదా పడింది,” అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఆమె నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. కంటికి కనబడని క్రిములు సీసాలో ఉన్నాయో లేవో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. కనబడనివాటికి భయపడే అలవాటుని ఇంటిదాకా మోసుకొస్తావని భర్త ఏడిపిస్తుంటాడు. ముందురోజు మాత్రం ఆమె భయపడింది కళ్ళారా చూసినదానికే. ల్యాబులో కరెంటు పోయి తొందరగా ఇంటికొచ్చింది. మెట్ల పక్కన మావయ్య పనిచేసుకునే షెడ్డు తలుపు తోసింది. నాలుగేళ్ళు నిండని కూతురు, గుడ్డ విప్పేసిన సోఫా చేతి మీద నిలబడి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి ఉంది. కింద ఒకదానిమీద ఒకటి స్పాంజి షీట్లు. పక్కనే మావయ్య సుత్తిని మైకులా నోటి దగ్గర పెట్టుకుని, “పై తాడు ఎక్కేసింది, చూస్తున్నారుగా, ఇక ఆగేలా లేదు,” అంటున్నాడు.

పిల్ల దూకింది. గడ్డం గుండెకి ఆనించి, వీపు మీద పడి, అరచేతులతో స్పాంజిని టప్పున కొట్టి, కిలకిలా నవ్వుతూ లేచింది. తల్లి చేతిలో సంచి ఎప్పుడు జారిపోయిందో తల్లికి తెలియలేదు.

మావయ్య అంటే ఆమె భర్తకి చిన్నాన్న. వీధికంతటికీ కుషన్ మావయ్య. సోఫాలు, కుర్చీలు, డ్రైవరు సీట్లు, డాక్టరు పడుకోబెట్టి చూసే బల్లలు, ఏది చిరిగినా ఆయన దగ్గరికే వస్తుంది. నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని ఒక్కొక్కటే పెదాల మధ్యకి తెచ్చుకుంటూ కొడుతుంటాడు కాబట్టి పగలంతా మాట్లాడేది తక్కువ. పిల్ల షెడ్డులో ఉన్నంతసేపూ మేకులు నోట్లోంచి డబ్బాలోకి, డబ్బా పై అరలోకి వెళ్తాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా ఆ దూకడం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

అంత నెమ్మదస్తుడికి కుస్తీ షోల పిచ్చి. మట్టిలో పట్టే కుస్తీ కాదు. తాళ్ళు కట్టిన అరుగు మీద, రంగుల లాగులు వేసుకుని, ఒకణ్ణొకడు ఎత్తి పడేసుకునే కుస్తీ. ఎవడు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆట. నెలకోసారి పాత హాల్లో జరుగుతుంది. అరవైకి దగ్గరపడుతున్న మనిషి ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని, వేడి నీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరతాడు. తిట్టీ తిట్టీ ఎండిపోయే గొంతుకి ఆ వేడి నీళ్ళు.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందో భర్త ఒకసారి చెప్పాడు. పిన్ని చనిపోయిన ఏడాది ఆయన ఏడవలేదు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. మేకులు కొట్టుకుంటూ గడిపేశాడు. ఆ రోజుల్లో అరుగు మూలలకి కట్టే దిండ్లు చిరిగితే షో వాళ్ళు తెచ్చి కుట్టించుకున్నారు. ఊరికే వచ్చి చూడమని పిలిచారు. ఇంటికెళ్ళి చేసే పనేం లేక వెళ్ళాడు. అక్కడ నల్ల ముసుగు వేసుకున్న దుర్మార్గుడొకడు అమాయకుడైన కుర్రాణ్ణి వెనక నుంచి కొట్టాడు. మావయ్య లేచి నిలబడి తిట్టాడు. ఏడాదిగా లోపల దాచిపెట్టిందంతా ఆ ముసుగు మీద పోశాడు. మర్నాటి పొద్దున గొంతు పోయింది, ఆకలి తిరిగొచ్చింది. అప్పట్నుంచి మొదటి వరసలో ఒక కుర్చీ ఆయనది.

“అంతా అబద్ధమని తెలిసీ ఎలా తిడతారు మావయ్యా?” అని పెళ్ళైన కొత్తలో ఆమె అడిగింది.

“అబద్ధం కాబట్టేనమ్మా ధైర్యంగా తిట్టేది. నిజమైనవాణ్ణి తిడితే ఊరుకుంటాడా?” అన్నాడు.

శనివారం సాయంత్రం ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి, రాత్రంతా కూడదీసుకున్న మాట చెప్పేసింది. “మావయ్యా, ల్యాబు దగ్గర పిల్లల్ని చూసుకునే చోటు ఒకటుంది. ఒక్క సీటే మిగిలిందట. సోమవారం పొద్దునకి చెప్పమన్నారు. పాపని అక్కడ వేద్దామనుకుంటున్నాను.”

ఆయన తల ఎత్తలేదు. పాత సోఫాలోంచి మేకులు పీకుతున్నాడు. ఒకటి సగంలో విరిగింది.

“దూకడం చూశావు,” అన్నాడు.

“చూశాను.”

“అలాగేనమ్మా. తల్లివి నువ్వు.” విరిగిన మేకుని వేలితో తడిమి చూసుకున్నాడు. “రేపు మధ్యాహ్నం షో ఉంది. నువ్వు కూడా రా, పిల్లని తీసుకుని. నేను రోజూ దానికి చెప్పేదేంటో ఒకసారి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం. నేను ఒక్క మాట అంటే అడుగు.”

పిల్ల లేకపోతే ఆ షెడ్డులో పగళ్ళు ఎలా ఉంటాయో ఆమెకి తెలియనిది కాదు. అందుకే కాదనలేకపోయింది.

హాల్లో ఇనప కుర్చీలు, చెమట వాసన, తలల మీద తిరిగీ తిరగని ఫ్యాన్లు. అత్యవసర ద్వారం ఎక్కడుందో ఆమె ముందు చూసుకుంది. మావయ్య పక్క కుర్చీలో ఒక ప్లంబరు కూర్చుని ఉన్నాడు.

“ఏం కుషన్, ఇవాళ ఇంట్లోవాళ్ళని తెచ్చావు. తిట్లు బంద్ అన్నమాట.”

“మా కోడలు చదువుకున్న పిల్ల. శుభ్రంగా తిడతాను.”

“నువ్వు శుభ్రంగా తిడితే ముసుగోడు బెంగ పెట్టుకుంటాడయ్యా.”

పాప తాత ఒళ్ళో కూర్చుంది. ఆయన అరుగు వైపు చూపించి కోడలితో మెల్లిగా చెప్పాడు. “ఆ గుడ్డ కింద పల్చటి స్పాంజి, దాని కింద చెక్క. నేనే కుట్టాను, నాకు తెలుసు. ఎవడు గెలవాలో ముందే అనుకుంటారు గానీ, నేలతో ఎవరూ ముందే మాట్లాడుకోలేరు కదా. అందుకే పడటం నేర్చుకుంటారు. గడ్డం లోపలికి, చేతులు బార్లా. పిల్లకి నేర్పింది అదే.”

“వాళ్ళకీ దెబ్బలు తగులుతాయా?”

“తగలకేం? అలాంటప్పుడు రిఫరీ రెండు చేతులూ తల మీద కత్తెరలా పెడతాడు. నాటకం ఆపండి, ఇది నిజం దెబ్బ అని లోపలివాళ్ళకి గుర్తు. జనానికి చెప్పరు. ఏళ్ళ తరబడి చూస్తున్నవాళ్ళకి తెలుసు. ఇన్నేళ్ళలో రెండు మూడు సార్లు చూశానేమో. చూడకపోతేనే మంచిది.”

ముసుగువాడు వచ్చేసరికి హాలంతా లేచింది. ఇంట్లో గ్లాసు కింద పెడితే చప్పుడు కానివ్వని మావయ్య, పిల్లని కోడలికిచ్చి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. “మొహం చూపించరా, అద్దం కూడా నిన్ను చూడనంటే ముసుగేసుకున్నావా?” ముసుగువాడు సరిగ్గా ఆయన ఎదుటికే వచ్చి వేలు చూపించి బెదిరించాడు. మావయ్య మొహం వెలిగిపోయింది. ఆ ఇద్దరి మధ్యా ఉన్నదాన్ని పగ అని ఎవరూ అనలేరు.

కాసేపటికి బంగారు రంగు లాగు వేసుకున్న కుర్రాడు మూల తాడు మీదికి ఎక్కాడు. వెనకే ముసుగువాడూ ఎక్కాడు. పైన పెనుగులాట. ముసుగువాడి కాలు జారింది, లేదా జారినట్టు కనిపించింది. అంతెత్తు నుంచి తలకిందులుగా వచ్చి పడ్డాడు.

చెక్క చప్పుడు ఆమె పళ్ళలోకి వచ్చింది. జనం ఈలలు వేశారు. ముసుగువాడు కదల్లేదు. మెడ ఒక పక్కకి వాలి ఉంది, ఒక చెయ్యి వీపు కింద ఇరుక్కుపోయింది. ఆమె అతని ఛాతీ వైపే చూస్తోంది. పైకి లేస్తోందా? ముక్కు దగ్గర ముసుగు గుడ్డ ఊపిరికి కదులుతోందా? ఇంత దూరం నుంచి తెలియడం లేదు. బంగారు లాగు కుర్రాడు మూలకి తగ్గి తల పట్టుకున్నాడు. రిఫరీ వంగి చూశాడు. మళ్ళీ వంగి చూశాడు. లేచి, రెండు చేతులూ తల మీద కత్తెరలా పెట్టాడు.

“లేవరా, ముసుగోడా, నిద్రొస్తోందా?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

మావయ్య రిఫరీ చేతుల వైపే చూస్తున్నాడు. “పిల్ల కళ్ళు మూయి,” అన్నాడు కోడలితో.

“ఎవరూ వెళ్ళరేంటి మావయ్యా?”

ఆమె ఆ మాట అంటూనే ఉంది, ఆయన అడ్డంగా కట్టిన ఇనప కమ్మీ మీద కాలు వేశాడు. మోకాలు కమ్మీకి కొట్టుకుంది. ఆగలేదు. కాపలావాడు చొక్కా పట్టుకుంటే విదిలించుకుని, కింది తాడు కింద నుంచి పాక్కుంటూ అరుగు మీదికి వెళ్ళాడు. జనానికి ఇదీ ఆటలో భాగమే అనిపించి చప్పట్లు కొట్టారు. “తాతా,” అని పాప ఏడుపందుకుంది. ఆమె పిల్ల మొహాన్ని భుజానికి అదుముకుంది. తను మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయింది. మావయ్య అరవడం లేదు, ముసుగువాణ్ణి కుదపడం లేదు, తల ఎత్తడం లేదు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గరకి వంగి ఏదో అడిగాడు. అడిగి, అలాగే వంగి ఉండిపోయాడు.

కాపలావాళ్ళు ఆయన్ని లాగి కిందికి దించారు. దించారో లేదో, ముసుగువాడు చెంగున లేచి, జాలిపడి దగ్గరకొచ్చిన బంగారు లాగు కుర్రాణ్ణి కుర్చీతో వీపు మీద బాదాడు. హాలు దద్దరిల్లిపోయింది. ఆ కత్తెర గుర్తు కూడా నాటకమే. ఈసారి దాన్ని కూడా కథలో కలిపేశారు. తెలియనివాళ్ళెవరూ మోసపోలేదు. ఆ గుర్తుకి అర్థం తెలిసిన మనిషే దొరికిపోయాడు.

“కుషన్ని పడగొట్టేశారురోయ్,” అని ప్లంబరు కడుపు పట్టుకుని నవ్వాడు. మేనేజరు వచ్చి, ఇక మీదట మొదటి వరసలో చోటు ఇవ్వలేమని, వెనక ఎక్కడైనా కూర్చోమని మర్యాదగానే చెప్పాడు. మావయ్య తలూపాడు. ఫ్లాస్కు తీసుకుని బయటికి నడిచాడు.

హాలు మెట్ల మీద కూర్చున్నాక పాంటు పైకి లాగితే మోకాలు చెక్కుకుపోయి ఉంది. ఆమె ఫ్లాస్కులో నీళ్ళు చేతిరుమాలు మీద పోసి, చల్లారనిచ్చి అద్దింది. పాప తాత మెడ పట్టుకుని వదలడం లేదు.

“ఇన్నేళ్ళు చూసినవాణ్ణి. పసిపిల్లాడిలా నమ్మేశాను,” అన్నాడు ఆయన. “నువ్వు రేపు ఆ సీటు ఖాయం చేసేసుకోమ్మా. నిజమేదో, ఆటేదో నాకే తెలియనప్పుడు పిల్లని నా దగ్గర వదలమని ఏ మొహం పెట్టుకుని అడగను?”

“నేను కూడా నమ్మాను. ఛాతీ కదలడం లేదనుకున్నాను. అయినా లేచి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు.”

“నీ ఒళ్ళో పిల్ల ఉంది.”

“పిల్ల లేకపోయినా వచ్చేవి కావేమో.” ఆమె రుమాలు మడత మార్చింది. “ఇన్నాళ్ళూ మీకు భయమంటే తెలియదనుకున్నాను మావయ్యా. భయం లేని మనిషి దగ్గర పిల్లని వదలడానికే నాకు భయం.”

ఆమె రుమాలు మోకాలికి కట్టింది.

“సోఫా చేతి మీద నుంచి మాత్రం వద్దు. నేల మీద స్పాంజి వేసి, దాని మీదే ఎంతైనా దొర్లండి.”

ఆయనకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. “నేల మీదే,” అన్నాడు చివరికి.

“మరి పై తాడు?” అని పాప అడిగింది.

“తెగిపోయింది తల్లీ. కుట్టడానికి దారం లేదు.”

ఆమె నవ్వాపుకుంది. తర్వాత అడిగింది. “అక్కడ ముసుగువాడి చెవిలో ఏం అడిగారు?”

“నొప్పా, నాటకమా అని.”

“ఏమన్నాడు?”

“పెదాలు కదపకుండా, ‘నాటకమే బాబాయ్, దిగిపో, నీ మోకాలు చూసుకో’ అన్నాడు.” మావయ్య పాంటు కిందికి లాక్కున్నాడు. “నీకు ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకు. పిల్ల పడగానే నువ్వు కేక వేస్తావు. ఆ కేకకి అది జడుసుకుని ఏడుస్తుంది. దాని ఏడుపుకి నువ్వు ఇంకా బెదిరిపోతావు. దెబ్బ తగిలిందో లేదో ఇద్దరికీ తెలియదు. పరిగెత్తవద్దని నేననను. పరిగెత్తు, నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. దగ్గరికి వెళ్ళాక మాత్రం కింద కూర్చుని, మెల్లిగా అడుగు. పడ్డవాళ్ళకే తెలుస్తుందమ్మా. వాళ్ళు చెప్పేదాకా ఆగు.”

సోమవారం పొద్దున ఆమె ఫోను చేసి ఆ సీటు వద్దని చెప్పింది. భయం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ పాప గడప తట్టుకుని పడితే ఆమె చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెడుతుంది. కానీ నోరు తెరవకముందు నేల మీద కూర్చుంటుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నా గొంతు తగ్గించి, “నొప్పా, నాటకమా?” అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా ముట్టుకోకుండా ఆగుతుంది.