ఆర్నెట్టక్క ఓటు

సినిమా చూస్తూ నోరు మూసుకోవడం ఆర్నెట్టక్కకు చేతకాదు. క్రెన్‌షా పేటలో మా నల్లవాళ్ళ వారపత్రికకు ఆవిడ ఎప్పటినుంచో సమీక్షలు రాస్తోంది. తెరమీది మనుషులతో మాట్లాడటం మా అందరికీ అలవాటే, చర్చిలో పాస్టరు మాటకు మాట కలిపినట్టే. కాకపోతే ఈవిడ మాట్లాడదు, చీవాట్లు పెడుతుంది. "ఆ తలుపు తియ్యకే వెర్రిమొహమా!" అని అరిచిందంటే హాలంతా వంత పాడాల్సిందే.

ఈ ఏడాది మా విమర్శకుల సంఘం అవార్డులకు ఒక ప్రివ్యూ చూస్తున్నాం. అందులో మోజెల్ తల్లి వేషం వేసింది. మోజెల్, ఆర్నెట్టక్క చిన్ననాటి నేస్తాలు. జీవితమంతా నర్సు వేషాలూ, పనిమనిషి వేషాలూ వేసిన మోజెల్‌కు ఇన్నాళ్ళకు పెద్ద పాత్ర దొరికింది. ఆస్పత్రి మంచం పక్కన కొడుకు చెయ్యి పట్టుకుని భోరుమంది. ఆర్నెట్టక్క ఊరుకుంటుందా?

"ఆగవే! వాడింకా చావలేదు!"

హాలు గొల్లుమంది. దీపాలు వెలిగాక చూస్తే మా వెనక వరసలోనే మోజెల్ ఉంది. చరచరా బయటికి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆర్నెట్టక్క ఇంటికి భోజనానికి కూడా రాలేదు.

ఓట్ల రోజు వేయించిన క్యాట్‌ఫిష్ తింటూ చేతులెత్తాం. ఉత్తమ సహాయ నటి దగ్గర మోజెల్‌కూ, ఇంకో సినిమాలోని కుర్రపిల్లకూ సరిసమానంగా ఓట్లొచ్చాయి. ఆర్నెట్టక్క ఒక్కతే మిగిలింది.

"మోజెల్‌కెయ్యక్కా, ఈ వయసులో మళ్ళీ ఛాన్సొస్తుందా?" అన్నాను.

"వయసుకే ఓటెయ్యాలంటే మా అమ్మమ్మకేస్తాను," అని కుర్రపిల్లకు చెయ్యెత్తింది. ఆ తర్వాత పళ్ళెం ముట్టలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క నేస్తాన్నీ పోగొట్టుకునే నిజాయితీ ఎందుకట?

అవార్డుల విందుకు మోజెల్ ఊదారంగు టోపీ పెట్టుకుని దర్జాగా వచ్చింది. కుర్రపిల్ల పేరు పిలిచారు. మోజెల్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, తిన్నగా మా బల్ల దగ్గరికి నడిచొచ్చింది.

"నువ్వెవరికేశావే?"

"ఆ పిల్లకి."

"ఎందుకట?"

"డాక్టరు మొహమైనా చూడకుండా ముందే ఏడ్చేశావు. నువ్వలా చేసేదానివి కాదే, మోజీ."

"నేనూ డైరెక్టరుతో అదే మొత్తుకున్నాను! వింటేనా, సచ్చినోడు!" అని మోజెల్ టోపీ తీసి బల్లమీద పడేసింది. ఉన్నట్టుండి ఆగింది. "అలా చేసేదాన్ని కాదని నీకెలా తెలుసు? నావన్నీ నర్సు వేషాలేగా."

"మంచినీళ్ళ గ్లాసు అందించేటప్పుడు కూడా ఎదుటివాడి మొహం చూసి అందించేదానివి. ఏ సినిమాలోనైనా అంతే."

"అవన్నీ చూశావా?"

"ఒక్కటీ వదల్లేదు."

మోజెల్ కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చుంది.

"మా ఆయన కూడా చూళ్ళేదే అవి," అంది.