హవాయి వాళ్లకు అంబలి పోసిన ఎర్రమ్మ

ఎర్రమ్మకు సముద్రమంటే పిచ్చి. అలాంటి మనిషిని తీసుకెళ్లి సుంగై సుమున్ కొబ్బరితోటలో పడేశాడు దేవుడు. సముద్రం అక్కడికి కూతవేటు దూరమే గాని, మధ్యలో మోకాటిలోతు బురద, మడచెట్లు, దోమలు. పూడిమడక ఇసుకలో పుట్టి పెరిగిన పిల్ల, పెళ్లయ్యాక మొగుడి వెంట ఓడెక్కి మలయా వచ్చి, ఏళ్ల తరబడి కొబ్బరికాయలు కొడుతూ, చిప్పలు ఎండబెడుతూ, ఒక్క అల మొహం చూడకుండా బతికింది.

మొగుడు జ్వరంతో పోయాక ఆ బతుకు మరీ ఇరుకైంది. తోటలో మేస్త్రీగా ఉన్న తాతబాబు ఆమెకు స్వయానా బావగారు, మొగుడికి అన్న. చెడ్డవాడని ఎవరూ అనలేరు. తిండికి లోటు చేయలేదు, ఎవరి చేతా పల్లెత్తు మాట అనిపించలేదు. కాని ఎర్రమ్మ ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో మాట్లాడాలో, ఎంత గట్టిగా నవ్వాలో అన్నీ ఆయనే తేల్చేవాడు. నవ్వు విషయంలో మరీ పట్టింపు. ఎర్రమ్మ నవ్విందంటే కూలీల ఇళ్ల వరస మొత్తం వినాల్సిందే, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అది పందొమ్మిది వందల ఇరవై ఏడు. తోట ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి చనిపోయిన ఆంథోనీ భార్య డోరతీ, వంటమనిషి కావాలని ఆ ఏడు తాతబాబు దగ్గరికి వచ్చింది. మన తెలుగువాళ్లే, కిరస్తానీలు. భర్త పోయాక ఆవిడ పాంకోర్ దీవిలో ఇసుక ఒడ్డున పెద్ద చెక్క ఇల్లొకటి తీసుకుని, గాలి మార్పు కోసం వచ్చే దొరలకూ ఇపో పట్నం వర్తకులకూ గదులు అద్దెకిస్తోంది.

"వానలు పడేవరకూ సూస్తాను లా. నప్పిందా ఉంటాది, నేదా మీ మనిసిని మీరు తీస్కెలిపోండి" అంది డోరతీ, మలయు వాళ్లలా మాట చివర 'లా' తగిలిస్తూ.

తాతబాబు సరేనన్నాడు. ఎలాగూ తిరిగొస్తుందని ఆయన ధీమా.

లాంచీ దిగిన ఎర్రమ్మ మూట ఇసుకలో పడేసి, చీరతోనే నడుములోతు నీళ్లలోకి నడిచి వెళ్లిపోయింది. డోరతీ ఒడ్డున నిలబడి కేకలు పెడుతోంది. ఎర్రమ్మకు అవేవీ వినపడలేదు. మళ్లీ ఆ తోట మొహం చూడనని అక్కడే, నోట్లోకి వచ్చిన ఉప్పునీళ్లు ఉమ్మేస్తూ ఒట్టేసుకుంది.

ఒట్టేసుకోవడం తేలికే, వంట నప్పాలి కదా! పులుపు లేని వంట వంటే కాదని ఎర్రమ్మ నమ్మకం. దొరలు తాగే సూపు చూసి జాలిపడి అందులో చింతపండు పిసికింది. చేప వేయించి పెట్టమంటే ఉత్త వేపుడు ఏం బాగుంటుందని పులుసు పెట్టింది. ఒక దొర మొహం చిట్లించాడు. ఇంకొక దొరసాని సామాను సర్దుకుని ముందుగానే వెళ్లిపోయింది.

"ఇంకొక్క మాట నా సెవినపడిందంటే మీ బావకి కబురంపేస్తాను, సెప్పినాను" అంది డోరతీ. ఎర్రమ్మ గుండెల్లో రాయి పడింది. ఆ రోజు నుంచి దొరల వంటకూ చింతపండు కుండకూ మధ్య ఆమడ దూరం పాటించింది. తన వరకు మాత్రం వంటింటి మూల ఒక మట్టికుండలో రాగిపిండితో చోడి అంబలి పులియబెట్టుకుని, పొద్దున్నే ఉల్లిపాయ, ఎండుచేప నంజుకుని తాగేది.

అదిగో అలాంటి సమయంలో వచ్చారు హవాయి వాళ్లు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒక నాటకాల కంపెనీతో సింగపూరు, జావా అన్నీ చుట్టి వస్తున్నారు. మొగుడు కియోనీ గిటారును ఒళ్లో పడుకోబెట్టి వాయిస్తాడు, పెళ్లాం నానీ పాడుతుంది, ఆడుతుంది. కియోనీకి దారిలో చలిజ్వరం తగిలింది. కంపెనీ ఇపో వెళ్లిపోతూ, కొన్నాళ్లు సముద్రపు గాలి తగిలితే కోలుకుంటాడని వీళ్లను ఇక్కడ దింపింది. శుక్రవారం లాంచీకల్లా వచ్చి కలవకపోతే వేరే వాయిద్యగాణ్ణి చూసుకుంటామని కూడా చెప్పింది.

కియోనీ భారీ మనిషి, జ్వరానికి సగమైపోయాడు. అన్నం పెడితే వద్దంటాడు, రొట్టె పెడితే వద్దంటాడు. నానీ మాత్రం వచ్చిన పూటే వంటింట్లోకి దూరి, ఎర్రమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇద్దరికీ బజారులో మాట్లాడే మలయు భాష వచ్చు. రానిచోట చేతులు తిప్పేవారు.

"అలోహా అంటే రండి అని, వెళ్లిరండి అని, ప్రేమ అని" అంది నానీ.

"అన్నిటికీ ఒకటే మాటా? పిసినారి బాస కాదేటి! మా వోళ్లకి తిట్టడానికే ఓ బుట్టెడు మాటలు గావాల" అని తెలుగులో అనేసి, దాన్ని మలయులో చెప్పబోయి, ఎర్రమ్మ పగలబడి నవ్వింది. నానీ ఇంకా గట్టిగా నవ్వింది. తనకంటే పెద్దగా నవ్వే ఆడమనిషిని ఎర్రమ్మ అదే చూడటం.

ఒక సాయంత్రం నానీ ఇసుకలో గొయ్యి తవ్వింది. రాళ్లు ఎర్రగా కాల్చి అందులో పేర్చింది. చేపను చేమాకుల్లో, ఆపైన అరిటాకుల్లో చుట్టి, కొబ్బరిపాలు పోసి, రాళ్ల మీద పెట్టి మట్టి కప్పేసింది.

"సేమాకులో సింతపండు ఎయ్యకపోతే నోరు దురదెడతాది" అని ఎర్రమ్మ మొత్తుకుంది. చాలాసేపు ఉడికితే దురద ఉండదంది నానీ. తీసి తిన్నాక ఎర్రమ్మ ఇంకో ముక్క తీసుకుంది. చింతపండు లేకుండా కూడా చేప అంత రుచిగా ఉంటుందని ఆమెకు జీవితంలో మొదటిసారి తెలిసింది. ఆ రుచికి వాళ్ల భాషలో మాట 'ఓనో' అని నానీ చెబితే, వేళ్లు నాకుతూ "ఓనో, ఓనో" అంది.

కియోనీ మాత్రం రెండు ముక్కలు కొరికి పక్కకు తిరిగి పడుకున్నాడు. తనకు కావలసింది పోయ్ అన్నాడు. చేమదుంపలు ఉడికించి మెత్తగా దంచి చేసే ముద్ద అట. చిన్నప్పుడు పాలు మానింది దాంతోనే, ఇప్పుడు లేచి కూర్చోవాలన్నా అదే కావాలన్నాడు. దీవి అవతల చీనావాడి తోటలో దుంపలు దొరికాయి. ఎర్రమ్మ ఉడికించి ఇస్తే, జ్వరపు మనిషి తానే పెరట్లో రోలు ముందు కూర్చుని, ఆగుతూ ఆగుతూ దంచాడు. గిన్నెలోకి తీసి, గుడ్డ కప్పి, వంటింటి గూట్లో పెట్టి వెళ్లి పడుకున్నాడు. ఎందుకు తినలేదో ఎర్రమ్మ అడగలేదు. అలిసిపోయి ఉంటాడనుకుంది.

మర్నాడు గుడ్డ తీసి చూస్తే ముద్ద మీద బుడగలు. పుల్లటి వాసన.

ఎర్రమ్మ గబుక్కున గుడ్డ కప్పేసింది. చద్ది ఇంట్లో వాళ్లు తింటారు, పనివాళ్లు తింటారు. ఇంటికొచ్చిన చుట్టానికి పొయ్యి మీది నుంచి దింపిన వేడన్నం పెట్టాలి. చుట్టానికి చద్ది పెట్టిన ఇల్లాలి పేరు వాళ్ల ఊళ్లో మూడు తరాల దాకా చెప్పుకుంటారు. ఇది డోరతీ కంటపడితే ఇంకేముంది! గిన్నెడు ముద్దా తీసుకెళ్లి కోళ్లకు పోసింది. గిన్నె తోమింది. కొత్త దుంపలు ఉడికించి, నెయ్యి వేసి మెదిపి, పొగలు కక్కుతుండగా కియోనీ ముందు పెట్టి, మెప్పు కోసం చేతులు కట్టుకుని నిలబడింది.

కియోనీ దాన్ని చూశాడు. నిన్నటి గిన్నె ఏదని అడిగాడు. ఎర్రమ్మ సంబరంగా కోళ్ల వైపు చూపించింది. ఆయన గిన్నె పక్కకు నెట్టాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు, వీపు కదలడం చూస్తే ఏడుస్తున్నాడని తెలిసింది. అంత పెద్ద మగవాడు తిండి కోసం ఏడవడం చూసి ఎర్రమ్మ నానీ దగ్గరికి పరుగెత్తింది.

"అది పులవాలి, ఎర్రమ్మా. పులిస్తేనే పోయ్. ఒక రోజు, రెండు రోజులు అలా ఉంచాలి. చెప్పకపోవడం మా తప్పే" అంది నానీ.

ఎర్రమ్మ తల బాదుకుంది. రోజూ పొద్దున్నే పులిసిన అంబలి తాగే మనిషి, పులుపు పిచ్చితో దొరలను తరిమేసిన మనిషి, ఎదుటివాడికి పులుపు కావలసిన ఒక్కనాడు దాన్ని కోళ్లకు పోసింది! ఈ గొడవంతా డోరతీ చెవిన పడనే పడింది. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఆ పూటే లుముట్ రేవుకు వెళ్లే పడవవాడితో సుంగై సుమున్‌కు కబురు పంపేసింది, శుక్రవారం వచ్చి మీ మనిషిని తీసుకుపొమ్మని.

కబురు వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి లాగే దారి లేదు. అయినా తనవల్ల ఒకడు పస్తు పడుకోవడం ఎర్రమ్మ తట్టుకోలేకపోయింది. మిగిలిన దుంపలన్నీ ఉడికించి, చేతులు బొబ్బలెక్కేదాకా దంచింది. అది దానంతటది పులిసేదాకా ఆగితే శుక్రవారానికి కియోనీ లేవలేడు. మూలనున్న అంబలి కుండ వంక చూసింది. అందులోంచి ఒక గరిటెడు పులుపు తీసి ముద్దలో కలిపి, పొయ్యి గట్టున వెచ్చగా ఉంచింది. తెల్లారేసరికి బుడగలొచ్చాయి.

తీసుకెళ్లే ముందు మాత్రం దాచలేదు. "అయ్యా, ఇందులో నా కుండలో అంబలి కలిపినాను. కూలోళ్లు తాగే కుండ. ఒల్లనంటే ఇప్పుడే సెప్పండి" అని మలయులో, మధ్యమధ్య తెలుగులో, ఉన్నదున్నట్టు చెప్పింది.

కియోనీ రెండు వేళ్లు ముంచి, తిప్పి, నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.  మళ్లీ ముంచాడు. మళ్లీ. ఇంట్లో అలవాటుగా తినే పోయ్ లా లేదన్నాడు, ఏదో గింజ వాసన వస్తోందన్నాడు, అంటూనే గిన్నె ఖాళీ చేశాడు. ఆ తర్వాత ఉప్పుచేప ఉందా అని అడిగాడు.

ఉప్పుచేప! ఎర్రమ్మ ఒక్క పరుగున వెళ్లి తన ఎండుచేపలు కాల్చి తెచ్చింది, ఉల్లిపాయలు తెచ్చింది, చివరికి అంబలి కుండే తెచ్చింది. ముగ్గురూ వరండాలో నేల మీద కూర్చున్నారు. అతిథులతో కలిసి వంటమనిషి తినడం చూసి డోరతీ గుమ్మంలో ఆగిపోయింది. ఎర్రమ్మ గతుక్కుమని లేవబోయింది.

"కూకో" అంది డోరతీ. కాసేపు కుండ వంకే చూసింది. "మా యమ్మ పోయినాక నాను అంబలి తాగనేదు. ఒక గిన్నెడు పొయ్యి, ఎర్రమ్మా." గడప మీదే కూర్చుని తాగింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, ఎండుచేప ఇంకొంచెం కాల్చాల్సిందని వంక పెడుతూ.

శుక్రవారం నాటికి కియోనీ తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. పొద్దున్నే నానీ దేవగన్నేరు పూలు కోసుకొచ్చి దండలు గుచ్చింది. మలయులు గోరీల దగ్గర వేసే పూలవి, ఇంట్లోకి తెచ్చిందేమిటని డోరతీ సణిగింది. నానీ వినిపించుకుంటే కదా! డోరతీ మెడలో ఒకటి వేసింది, ఎర్రమ్మ మెడలో వేయబోయింది. ఎర్రమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది.

"నా పెనిమిటి పోయినాడు. నానెట్టుకోకూడదు."

"నా మొదటి మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. ఆ రోజు మా ఊళ్లో అందరం పూలు వేసుకునే ఏడ్చాం. నీకు ఇష్టం లేకపోతే వేయను. ఇష్టం లేదా?" అంది నానీ.

ఇష్టమా అని ఎర్రమ్మను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చెయ్యి చాచి ఒక పువ్వు ముట్టుకుంది. తర్వాత తల వంచింది. పూలు చల్లగా మెడకు తగిలాయి. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

లాంచీ వచ్చింది. అందులోంచి తాతబాబు దిగాడు. డోరతీ గొంతు తగ్గించి, "కోపంలో కబురంపేసినాను లా. నువ్వుంటానంటే ఉండు, నాకు సంతోసమే. మీ బావకి నాను సెప్పనేను, నువ్వే సెప్పుకో" అని తాను ఎర్రమ్మ వెనకాలకు జరిగింది.

కియోనీ, నానీ లాంచీ ఎక్కారు. తాతబాబు చెక్కవంతెన మీద నడిచి వచ్చి, ఎర్రమ్మ మెడలో పూలు చూసి ఆగిపోయాడు.

"ఇదేటి, ఎర్రమ్మా?"

"పూలు, బావగోరూ."

"మా తమ్ముడు సచ్చిపోనాడని మర్సిపోనావా?"

"మరవనేదు. రోజూ తలుసుకుంటాను. పూలెట్టుకున్నా తలుసుకుంటాను." మెడలోని దండ సరిచేసుకుంది. "నాను రాను, బావగోరూ. మీరు నన్ను బాగా సూసినారు, ఆ మాట ఎక్కడైనా సెప్తాను. కానీ నాకీడ బాగుంది. ఇక్కడ నాను నవ్వినా ఎవరూ ఏటీ అనరు."

తాతబాబుకు ఆ చివరి మాట గట్టిగానే తగిలింది. సముద్రం వైపు చూశాడు. లాంచీ కూత వేసింది. ఆయన గిరుక్కున తిరిగి వెళ్లి ఎక్కేశాడు. అయిపోయింది, ఇక ఈ జన్మకు బావగారు మొహం చూడరనుకుంది ఎర్రమ్మ.

లాంచీ కదిలాక నానీ పాట అందుకుంది. ఆ పాట మధ్యలోంచి తాతబాబు కేక వినిపించింది. "ఎర్రమ్మా! పండక్కి నా కూతురు సీతని అంపుతాను. ఆ గుంటకి పదేళ్లొచ్చినాయి, ఒక్కపాలి కూడా అల సూడనేదు. నీళ్లలోకి తీస్కెల్లు!"